అయస్కాంతానికి రాని పాలు

2019 అక్టోబర్. కరీంనగర్‌లోని ఒక కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలకు నేను ఇన్‌చార్జిని. పదవీ విరమణకు ఎనిమిది నెలలు ఉన్నాయి. సిరిసిల్ల మరమగ్గం కార్మికుడి కూతురు స్వరూప అక్కడ మూడో ఏడు పరిశోధన చేస్తోంది. నెలాఖరున పరిశీలక సంఘం ముందు ఫలితం చూపకపోతే ఆమె ఫెలోషిప్ ఆగిపోతుంది, దానితో పరిశోధనా ఆగిపోతుంది.

నూనెను నీటిలో సన్నని బొట్లుగా కలిపితే పాలలా తెల్లబడుతుంది. దాన్ని ఎమల్షన్ అంటారు. బొట్లు మళ్లీ ఒకటి కాకుండా మామూలుగా సబ్బు ఆపుతుంది. స్వరూప సబ్బుకు బదులు ఐరన్ ఆక్సైడ్ నానో పార్టికల్స్ వాడేది. అది అయస్కాంతానికి అంటుకునే అతి సన్నని నల్లపొడి. ఆ రేణువులు ప్రతి బొట్టు చుట్టూ పొరగా నిలవాలి. నూనెగా స్టైరీన్ తీసుకుని వేడి చేస్తే బొట్లు గట్టిపడి ప్లాస్టిక్ పూసలవుతాయి. బట్టల అద్దకంలో మిగిలిన నీళ్లలో వేసి, ఆ రంగు పూసలకు పట్టాక వాటిని అయస్కాంతంతో తీసేయవచ్చు.

సెప్టెంబర్‌లో ఆరుసార్లు చేసింది. ఆరుసార్లూ గంటలోపే నూనె, నీరు విడిపోయాయి. దసరా సెలవుల తరువాత చేసిన నాలుగూ తొమ్మిది రోజులు నిలిచాయి.

“నిలవడ్డది మేడం. ఇగ నాకు ఫికర్ లేదు” అంది.

“ఏం మార్చినవ్?”

“ఏం మార్చలే. గదే పొడి, గదే తూకం.”

“మార్చకుంటే ఎందుకు నిలవడ్డది?”

సీసా పక్కన అయస్కాంతం పెట్టమన్నాను. రేణువులు బొట్లకే పట్టి ఉంటే బొట్లన్నీ అటు జరగాలి, మిగిలిన నీరు తేటపడాలి. పది నిమిషాల్లో నల్లపొడి ఒక్కటే సీసా గోడకు చేరింది. పాలు పాలలాగే ఉండిపోయాయి.

నేను నా దినచర్య పుస్తకం తీశాను. ఆరో ప్రయోగానికీ ఏడోదానికీ మధ్య ఒకే ఒక్క మాట ఉంది: “సెప్టెంబర్ 27. పండుగ శుభ్రం. సీసాలు 24. రాజవ్వ.” అంతకుముందు స్వరూప తన సీసాలు తానే వేడినీళ్లతో కడుక్కునేది.

రాజవ్వ మా అటెండర్, బొగ్గుగనుల ఊరు నస్పూర్ మనిషి. పిలిచి అడిగాను.

“సబ్బు ముట్టలే మేడం. సబ్బు, పౌడర్ వద్దని గోడ మీద మీరే రాసిరి గద. కుంకుడుకాయలు నానేసి కడిగిన.”

“అదీ సబ్బు పనే చేస్తది, రాజవ్వా.”

“చెట్టుకు కాసేది సబ్బెట్లయితది? మా ఆయన బొగ్గు బాయి బట్టలు ముప్పై ఏండ్లు దాంతోనే ఉతికిన. సీసాలు మెరుస్తలేవా?”

మెరుస్తున్నాయి. ఒక్కసారే నీళ్లతో కడిగి ఆరబెట్టింది, లోపల కుంకుడు రసం సన్నగా ఎండి ఉంది. రాజవ్వ ముందే ఆ సీసాల్లో ఒకదానిలో పొడి లేకుండా నూనె, నీరు మాత్రం పోసి ఊపించాను. అసలు వస్తువు లేకుండా చేసే ఇలాంటి పరీక్షను బ్లాంక్ అంటారు. అదీ పాలలా తెల్లబడి, అలాగే నిలిచింది.

“మనం చెప్పకుంటే ఎవరికి తెలుస్తది మేడం?” అంది స్వరూప, నా వైపు చూడకుండా.

“మాగ్నెట్‌కు తెలుస్తది.”

సంఘం ముందు ఆమె పది ప్రయోగాలూ పెట్టింది. ఆరు విఫలం, నాలుగు చెల్లవు, చెల్లకపోవడానికి కారణం ఇది. కుంకుడుకాయ అనగానే ఒకాయన నవ్వాడు. తరువాత అయస్కాంతం పరీక్ష మళ్లీ చూపించమన్నాడు. ఆరు నెలల గడువు ఇచ్చారు.

రేణువులు నూనెకు పట్టేలా పొడికి పూసే ఓలియిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం మోతాదును ఆమె కొంచెం కొంచెంగా మారుస్తూ పోయింది. ఫిబ్రవరిలో, పదిహేడో ప్రయోగంలో, బొట్లు పొడితో సహా అయస్కాంతం వైపు జరిగాయి. వెనక తేట నీరు మిగిలింది. స్వరూప ముందుగా రాజవ్వనే పిలిచి చూపించింది.

“బ్లాంక్ చేసినవా బిడ్డా?” అని అడిగింది రాజవ్వ.

తప్పు రాజవ్వది కాదు. దేనితో కడగొద్దో రాసిన నేను, దేనితో కడగాలో రాయలేదు. గోడ మీది ఆ కాగితం నేను 1998లో అంటించింది. ఇరవై ఒక్క ఏళ్లు రోజూ దాని ముందు నుంచే నడిచాను. ఇప్పుడు అక్కడ రెండో వరుస ఉంది: వేడినీళ్లు మూడుసార్లు, డిస్టిల్డ్ వాటర్ రెండుసార్లు.