విమానం ఎక్కలేని అరుగు

మా నాన్న ముప్పై ఏళ్లుగా రేకుల షెడ్లు కట్టిస్తున్నారు. ఎక్కువగా ధాన్యం గోదాములు, అప్పుడప్పుడూ రొయ్యల మేత నిల్వచేసే షెడ్లు. భవానీపురంలో మా ఇంటి ముందుగదే ఆఫీసు. సివిల్ డిప్లొమా అయ్యాక నేను అక్కడ కూర్చుని డ్రాయింగులు గీయడం మొదలుపెట్టాను. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని కాబట్టి నాకు బాగా నచ్చింది. నేను గీస్తాను, నాన్న మాట్లాడతారు. సొరుగులో డైరీ, దాని కింద ఏదో ఒక నవల.

కిందటేడు ఒకాయన వచ్చారు. ఉద్యోగమంతా విమానాలు నడిపి రిటైరయ్యారు. పామర్రు దగ్గర తన పొలంలో చిన్న రన్‌వేకి అనుమతులన్నీ తెచ్చుకున్నారు. ఇద్దరు పట్టే విమానం ఒకటి కొన్నారట. దానికి నీడ కావాలి.

"హ్యాంగర్ అంటారండీ దాన్ని," అన్నారు.

"ఏదైతేనేం లెండి, వాన పడకూడదు, అంతేగా!" అన్నారు నాన్న.

డ్రాయింగు మొత్తం నాన్న నాకే వదిలేశారు. అలా వదలడం అదే మొదటిసారి. రెక్కలకు అటూ ఇటూ మూడేసి అడుగులు వదిలాను. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా పైకప్పు వేశాను. తోక తగలకుండా తలుపు ఎత్తు పెంచాను. పైలట్‌గారు మూడుసార్లు వచ్చి చూశారు. మూడుసార్లూ రెక్కలు, తోక, తలుపు గురించే అడిగారు. నేల గురించి ఎవరూ అడగలేదు. నేనూ ఆలోచించలేదు. మా పాత గోదాము డ్రాయింగులోంచి పునాది భాగం తెచ్చి అలాగే అతికించేశాను.

రేపు నేలకు కాంక్రీటు అనగా నాన్న నన్ను సైటుకు తీసుకెళ్లారు. స్తంభాలు నిలబడ్డాయి, పైన రేకులు మెరుస్తున్నాయి. నా గీతలు అంత పెద్దవైపోయి ఎదురుగా నిలబడితే సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఇంతలో పైలట్‌గారు వచ్చారు. మేస్త్రి పైనుంచి చెయ్యి అందిస్తే, దాన్ని పట్టుకుని, మోకాలు ఆనించి, అరుగు మీదకు ఎక్కారు.

అప్పుడు చూశాను. అరుగు ఆయన నడుము దాటి ఉంది.

మా వైపు ధాన్యం గోదాముల నేల నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. లారీని వెనక్కి తెచ్చి అరుగుకు ఆనిస్తే బస్తాలు నేరుగా లోపలికి పోతాయి, వాననీళ్లూ రావు. మా మేస్త్రి జీవితమంతా అదే కట్టాడు. నేను గీసిందీ అదే. ఇప్పుడు విమానం నాలుగడుగులు ఎలా ఎక్కుతుంది? తెల్లారి కాంక్రీటు పడిందంటే ఇక అది గోదామే.

చెప్పాలి. కానీ అంతమంది ముందు కాదు. సిమెంటు బస్తా అంచు చింపి దాని మీద రాసి నాన్న చేతిలో పెట్టాను. నాన్న దాన్ని దగ్గరగా పెట్టి చూశారు, దూరంగా పెట్టి చూశారు. కళ్లద్దాలు కారులో ఉండిపోయాయి. నేను చెయ్యి చాపి లాక్కునేలోపే, "కాస్త ఇదేంటో చదవండి సార్" అని పైలట్‌గారికి ఇచ్చేశారు.

ఆయన గట్టిగా చదివారు. "నాన్నా, విమానం ఇందులోకి ఎలా ఎక్కుతుంది?"

అందరూ ఒక్కసారి అరుగు వంక చూశారు.

"పైలట్‌గారున్నారు గదండీ," అన్నాడు మేస్త్రి. "ఎగురుకుంటా లోపలికొచ్చేస్తారు."

ముందు నవ్వింది పైలట్‌గారే. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. "తప్పు నాదేనండీ," అన్నాను.

"నేను మాత్రం చూశానా తల్లీ? పైకి చూసే ఉద్యోగం కదా, కిందికి చూడటం మర్చిపోయాను."

"అరుగు మొత్తం కొట్టేద్దాం," అన్నారు నాన్న.

"వద్దండీ, తుఫానొస్తే ఈ పొలాల్లో మోకాలి కింద దాకా నీళ్లు నిలుస్తాయి," అన్నారు పైలట్‌గారు.

"అడుగున్నర ఉంచుదాం," అన్నాను. అంత గట్టిగా అన్నానని నాకే తెలియలేదు. "అరుగు లోపల నింపిన గ్రావెలు రెండున్నర అడుగులు తీసి బయట వాలుగా పోద్దాం. ర్యాంపు అవుతుంది."

"వాలు ఎంతుండాలి పాపగారూ?" అన్నాడు మేస్త్రి, ఈసారి నవ్వకుండా.

లెక్క వేయగలను గానీ, చూసి నమ్మాలనిపించింది. విమానం బరువు దాదాపు అయిదు ధాన్యం బస్తాలంత. నాలుగు రోజుల్లో గ్రావెలు తవ్వి, ముందు గోడ తగ్గించి, పదిహేనడుగుల వాలు పోశాక, అయిదు బస్తాలు తోపుడుబండి మీద వేసి తోయించాం. ఇద్దరు మనుషులు ఎక్కించారు గానీ పైకొచ్చాక ఆయాసంతో చతికిలబడ్డారు.

"రోజూ తోసేది నేనూ మా ఆవిడానమ్మా," అన్నారు పైలట్‌గారు. "కూలీలు కాదు."

వాలు ముప్పై అడుగులకు సాగదీశాం. ఈసారి ఆవిడే వచ్చి చీరకొంగు దోపుకుని బండి ఒక పక్క పట్టుకున్నారు. ఇంకో పక్క నేను. బండి కదిలింది, ఆగకుండా ఎక్కింది. సగం దారిలో ఆవిడ నన్నడిగారు, "నువ్వు తోస్తున్నావా, ఊరికే పట్టుకున్నావా?"

ఇద్దరం నవ్వుతూ పైకి చేరాం.

మర్నాడే కాంక్రీటు. మా అలవాటు ప్రకారం నాన్న తలవంచి ప్రార్థన చేశారు, మేస్త్రి కొబ్బరికాయ కొట్టాడు. చిప్పలో సగం నాకిచ్చాడు.

నెలన్నరకు విమానం వచ్చింది. తెల్లగా, నేననుకున్నదానికంటే చిన్నగా ఉంది. తోక ముందు లోపలికి వచ్చేలా వెనక్కి తోయాలి. వెనక గోడకు తోక తగలకుండా చూసి చెప్పే మనిషి ఒకరు లోపల ఉండాలన్నారు పైలట్‌గారు. అందరూ తోసేవాళ్లే కావడంతో ఆ పని నాకు పడింది.

చక్రాలు వాలు మీద మెత్తగా ఎక్కాయి. గడప దగ్గర చిన్న కుదుపు, అంతే. తోక నావైపు వస్తోంది. "ఇంకొంచెం... ఇంకొంచెం..." అన్నాను. బయట వాళ్లకు వినపడినట్టు లేదు, తోస్తూనే ఉన్నారు.

"ఆపండి!" అని అరిచాను.

రేకుల కప్పు కింద నా గొంతు నాలుగు వైపులా తిరిగింది. విమానం గోడకు రెండు అడుగుల దూరంలో ఆగింది. రెక్కల కిందుగా వంగి చూసిన పదిమందీ నా తర్వాతి మాట కోసం అలాగే నిలబడ్డారు.

"సరిపోయిందండీ," అన్నాను. "ఇక వదిలేయొచ్చు."