లెక్కకు రాని టీ

9 అక్టోబరు 2011, ఆదివారం, సాయంత్రం. మా ముందుగదిలో ఉన్నవారు: నేను, నా భార్య, నా తమ్ముడి కూతురు, కింది వాటాలో కిరాయికుండే గుంటూరు దంపతులు. టీ: ఎవరికీ లేదు.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఉద్యోగమంతా భూముల కొలతలు రాసిన చెయ్యి కాబట్టి, రిటైరయ్యాక కూడా ఇంటికి ఎవరొచ్చారు, ఏం తాగారు, ఎప్పుడు వెళ్ళారు అని రాస్తూనే ఉన్నాను. ఆ అలవాటే నా తప్పును పట్టించింది.

మా ఇల్లు చంపాపేట మెయిన్ రోడ్డు నుంచి రెండో గల్లీలో. మేము నల్లగొండ పల్లె నుంచి వచ్చిన టీ మనుషులం. కిందివాళ్ళు కాఫీ మనుషులు. ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం. పదకొండేళ్ళుగా సాయంత్రం నాలుగింటికి ఆయన భార్య రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీతో పైకి వచ్చేది. ఒకటి తనకు, ఒకటి నా భార్యకు. ఇద్దరూ మెట్ల మీదే కూర్చుని చీకటి పడేదాకా మాట్లాడుకునేవారు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు ఆగిపోయాయి. గల్లీ మలుపులో దీక్ష టెంటు వెలిసింది. అందులో కూర్చునే మా జిల్లా మనుషులు కాసేపు ఫ్యాను కింద నడుం వాల్చడానికి మా ఇంటికి వచ్చిపోతుండేవారు. ఆ రోజుల్లోనే నా భార్యకు గుండెదడ మొదలైంది. నిద్ర పట్టేది కాదు. డాక్టరు ఈసీజీ తీయించి, భయం లేదన్నాడు. "కాఫీలోనూ టీలోనూ కెఫీన్ ఉంటుంది. రెండూ తగ్గించండి" అన్నాడు.

రెండూ అని స్పష్టంగానే చెప్పాడు. నేను కాఫీనే పట్టుకున్నాను. మా ఇళ్ళల్లో టీ మంచినీళ్ళతో సమానం. దాన్ని కూడా ఒక లెక్కలోకి తీసుకోవాలని నాకు తోచలేదు.

డాక్టరు ఆ మాట చెప్పిన సాయంత్రమే కిందావిడ గ్లాసులతో వస్తుంటే మెట్ల మీదే ఆపాను.

"ఇగ మీ కాఫీ వద్దమ్మా. దాంతోనే ఈమె పరేషాన్ అయితున్నది."

"అలాగే అన్నయ్యగారూ" అని ఆమె రెండు గ్లాసులతోనూ దిగిపోయింది. మలుపులో మైకు మోగుతూ ఉంది. అలాంటి రోజుల్లో అలాంటి మాట ఆమె ఎలా తీసుకుంటుందో నేను ఆలోచించలేదు.

'కాఫీ బంద్, మొదటి రోజు. దడ ఉంది.' 'కాఫీ బంద్, నాలుగో రోజు. దడ తగ్గలేదు.' 'ఏడో రోజు. రెండు గంటలే నిద్ర.' రోజూ నాలుగింటికి నా భార్య మెట్ల దాకా వెళ్ళి, కిందికి చూసి, తిరిగి వచ్చేది.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడి కూతురు పెద్దమ్మను చూడటానికి వచ్చింది. ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానలో నర్సు.

"వారం నుంచి కాఫీ బంద్ జేస్తె దడ ఎందుకు తగ్గలె పెద్దనాయనా?"

"గదే సమజైతలేదు బిడ్డా."

"మరి టీ ఎన్నిసార్లు తాగుతది?"

"గదేం లెక్క? పొద్దుగాల ఒకటి, సాయంత్రం ఒకటి."

"ఏదీ, నీ డైరీ ఇటు తే."

గురువారం పేజీ మీద వేలు పెట్టి పైకి చదివింది. టెంటు నుంచి ఇద్దరు, టీ. పదిన్నరకు ఇంకొకాయన, టీ. భోజనాలయ్యాక ముగ్గురు, టీ. ఇలా ఏడుసార్లు.

"వీళ్ళు తాగుతుంటె నువ్వేం జేసినవ్ పెద్దమ్మా?"

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మనిషి ముందట కప్పు పెట్టి నేను చేతులు కట్టుకొని కూసుంటనా? ఆయనొక్కడే తాగితె గొంతు దిగుతదా?"

మా వైపు మర్యాద అది. వచ్చినవాళ్ళను ఒంటరిగా తాగనివ్వం.

"ఏడు, ఇంట్లయి రెండు. తొమ్మిది! నీ గుండె ధూంధాం జెయ్యక ఏం జేస్తది?" అని నవ్వి, నావైపు తిరిగింది. "రెండిట్ల ఉన్న కెఫీన్ ఒక్కటే పెద్దనాయనా. కప్పుకు కప్పు చూస్తె కాఫీలనే ఎక్కువ. గని కింది ఆంటీ ఇచ్చేది గింత గిలాస, అండ్ల సగం పాలు. గీ ఇంట్ల టీ ఎవరు పెడ్తరు?"

"నేనే."

పొద్దున వేసిన పొడి తీయకుండా, దాని మీదే కొత్త పొడి వేసి మరిగించడం నా పద్ధతి. చిక్కగా ఉంటేనే టీ అని నా నమ్మకం. ఎంత మరిగితే అంత కెఫీన్ దిగుతుందని ఆ పిల్ల చెప్పింది. అంటే ఇన్నాళ్ళూ నా భార్యకు నిద్ర లేకుండా చేసింది నా గిన్నె.

డైరీ పట్టుకుని కిందికి వెళ్ళాను. గోడవారగా అట్టపెట్టెలు, తాళ్ళు కట్టి ఉన్నాయి. అలమారలో గిన్నెలు లేవు.

"ఏందిది?"

"వనస్థలిపురంలో ఇల్లు చూశామండీ" అన్నాడాయన తల దించుకుని. "మీరు నోరు తెరిచి ఖాళీ చేయమనేదాకా ఉండటం బాగోదు కదా."

"నేనట్ల అంటనా?"

లోపలినుంచి ఆమె అంది: "పదకొండేళ్ళు తాగిన కాఫీ ఇప్పుడే పనికిరాకుండా పోతే మేమేమనుకోవాలి అన్నయ్యగారూ?"

డైరీ తెరిచి ఆయన చేతిలో పెట్టాను. "తప్పు కాఫీది గాదు. నా టీది, నాది. చదువుండ్రి."

ఆయన గడియారం చూసినంత శ్రద్ధగా చదివాడు. చివరికి ఆగలేక నవ్వేశాడు. "మా ఆవిడ వారానికి పోసేది మీరు ఒక్కరోజులో పోసేశారన్నమాట!"

ఆమె నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని, "వదినగారు నిద్రపోవడం లేదా? ఎవరూ చెప్పలేదే" అని నాకంటే ముందు మెట్లెక్కింది.

ముందుగదిలో అయిదుగురం కూర్చున్నాం. మర్యాద మానిపించలేం, కప్పులో ఉన్నది మార్చుదాం అన్నది కిందావిడ ఆలోచనే. శొంఠి, బెల్లం వేసి కాస్తే రంగు టీలాగే ఉంటుంది. వచ్చినవాళ్ళతో పాటు నా భార్య అది తాగుతుంది.

"మరి కాఫీ?" అని నా భార్య చిన్నపిల్లలా అడిగింది.

"పొద్దున ఒక్క గిలాస. సాయంత్రం వద్దు" అని నర్సు తీర్పు చెప్పింది.

మరునాడు నేను లేచేసరికి నా భార్య ఇంకా నిద్రపోతూ ఉంది. ఒక్క రాత్రితో ఏదీ తేల్చకూడదు కాబట్టి, గంటలు మాత్రం రాసుకున్నాను: అయిదు. ఇన్నాళ్ళూ కాఫీయే పైకి వచ్చింది. ఈసారి నేనే రెండు ఖాళీ గ్లాసులు తీసుకుని దిగాను. లోపల ఆయన పెట్టెల తాళ్ళు విప్పుతున్నాడు. గిన్నెలు ఒక్కొక్కటిగా అలమారలోకి వెళుతున్నాయి.

"కూర్చోండి అన్నయ్యగారూ, డికాషన్ ఇంకా దిగుతోంది" అంది ఆమె.

మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. నా భార్య జుట్టు ముడి వేసుకుంటూ దిగి వచ్చి, నా పక్కన నిలబడింది.

"జర జరుగు. గది నా మెట్టు."

జరిగాను.