చదువుకున్న ఎలుక

కేతేపల్లి దగ్గర హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకున్న ఆటో ఎలక్ట్రీషియన్ కురుమయ్యకు లోకంలో ఒక్కడే నేరస్థుడు. ఏ కారులో ఏ వైరు తెగినా, ఏ సెన్సార్ మూగబోయినా, ఆయన తీర్పు ఒకటే: ఎలుక.

ఒకసారి డ్రైవర్ ఇస్రాయేలు తోలుకొచ్చిన డాక్టరు గారి కారులో, గేరు పక్కనున్న ప్లగ్గు విప్పితే గుప్పున ఛాయ్ వాసన వచ్చింది. డాక్టరు ముక్కు ఎగబీల్చాడు. ఇస్రాయేలు ముఖం పాలిపోయింది.

"ఎలుకే డాక్టర్ సాబ్," అన్నాడు కురుమయ్య తొణక్కుండా.

"మరి గీ ఛాయ్ వాసనేందయ్యా?"

"హైవే ఎలుకలు సార్. దాబాల కాడ పెరిగినయి."

హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే అమరేందర్‌కు ఈ ఎలుక కథలంటే మహా ఎగతాళి.

"ఒక పిల్లిని సాదుకోరాదు, కురుమయ్యా?"

"పిల్లిని సాదుకుంటే దుకాణం ఎట్ల నడుస్తది సార్?"

అమరేందర్‌కు కరెంటు గురించి తెలియనిది లేదు, నల్లబల్ల మీద ఉన్నంతవరకు. బల్ల దిగితే మాత్రం ఇంట్లో మిక్సీ కూడా అతన్ని లెక్కచేయదు. కొత్త జిల్లాలు వచ్చిన ఏడాది, ఒక ఆదివారం, మామ లింగస్వామి వాడుకోమని ఇచ్చిన పద్నాలుగేళ్ళ కారులో, ఇంజిన్‌లో ఏదో లోపముందని చెప్పే పసుపు దీపం వెలిగింది. ముద్దబంతి పువ్వులా చూడముచ్చటగానే ఉంది. కానీ చూస్తూ ఊరుకుంటే ఫిజిక్స్‌కు అవమానం కాదా? ఫోన్లో వీడియో పెట్టాడు. ఇంజిన్ తిరుగుతోందో లేదో కనిపెట్టే సెన్సార్ ప్లగ్గును మెల్లగా విప్పమంది వీడియో. అమరేందర్ మెల్లగానే లాగాడు, రెండు చేతులతో, ఒక కాలు బంపర్‌కు తన్నిపెట్టి. ప్లగ్గు రాలేదు, వైరు వచ్చింది. దాన్ని మెలిపెట్టి, ఎర్ర టేపు చుట్టి, బానెట్ మూశాడు. ఎవరి దయవల్లనో దీపం ఆరిపోయింది. ఆ సాయంత్రమంతా ఈల వేస్తూ తిరిగాడు.

మర్నాడు కారు తీసింది అతని భార్య మంజులత. నకిరేకల్ దవాఖానలో నర్సు. బస్సుల కోసం పడిగాపులు పడకుండా డ్యూటీకి పోవాలని మూడు నెలలు కష్టపడి డ్రైవింగ్ నేర్చుకుంది. ఆ రోజు నుంచి కారు ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా దండం పెట్టినట్టు ఆగిపోసాగింది. మూడోనాటికి లింగస్వామి తాళంచెవి లాక్కున్నాడు.

"క్లచ్చు తొక్కరాదు, నీకు కారెందుకు బిడ్డా? బస్సుల పో."

"నేను సక్కగనే తొక్కిన నాయినా! బండిలనే ఏదో ఉంది."

"అయితే కురుమయ్యను చెప్పనీ. బండిది తప్పయితే తాళం నీకే."

అమరేందర్ నిజం చెబుదామనే నోరు తెరిచాడు. తీరా తెరిచాక అందులో మిరపకాయ బజ్జీ పెట్టుకున్నాడు. దానితో పాటు నిజమూ కడుపులోకి జారిపోయింది.

షెడ్డులో, ఇంజిన్ నడుస్తుండగానే కురుమయ్య ఒక్కో వైరునూ నాడి చూసినట్టు పట్టుకుని కదిలించసాగాడు. బ్యాటరీ వైరు కదిపితే ఏమీ కాలేదు. పక్కది కదిపితే ఏమీ కాలేదు. ఎర్ర టేపు మీద వేలు పడగానే ఇంజిన్ ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేయించి మళ్ళీ తాకాడు. మళ్ళీ ఆగింది. కురుమయ్య టేపును చూశాడు. అమరేందర్‌ను చూశాడు. అమరేందర్ ఆకాశాన్ని చూశాడు. అక్కడ ఒక్క మబ్బయినా అతన్ని ఆదుకోలేదు.

"దొరికింది లింగస్వామన్నా. సెన్సార్ మంచిగుంది. దాని వైరు వదులై, కుదుపు వచ్చినప్పుడల్లా ఊడుతాంది. బిడ్డ డ్రైవింగ్‌ల తప్పేం లేదు."

"వైరెట్ల ఊడింది?"

"ఎలుక."

తర్వాత అమరేందర్ చెవి దగ్గరికి వంగి గొణిగాడు: "చదువుకున్న ఎలుక సార్. కొరికి, మల్ల టేపు గూడ చుట్టి పోయింది."

ఛాయ్ ఒలకబోసిన ఇస్రాయేలు ఇప్పటికీ అదే డాక్టరు దగ్గర ఎలా పనిచేస్తున్నాడో అమరేందర్‌కు అప్పుడు అర్థమైంది. ఎందరి పరువును ఆ ఎలుక తన చిన్న వీపు మీద మోసిందో! అదే వీపెక్కి తానూ హాయిగా ఇంటికి పోవచ్చు. కానీ పక్కన మంజులత పళ్ళు కొరుకుతోంది.

"దాని మూలంగ మూడు రోజులు మాటలు పడ్డ. ఇంటికి పోంగనే మందు పెడ్త."

"మందొద్దు మంజూ," అన్నాడు అమరేందర్. "ఆ ఎలుక నేనే."

కురుమయ్య నెత్తి కొట్టుకున్నాడు. "నేను కాపాడుతుంటే, మీరే పోయి బోనుల పడ్తరేంది సార్!"

అందరూ లింగస్వామి వైపు భయంగా చూశారు. ఆయన మీసం కింద ఏదో కదిలింది.

"కురుమయ్యా, ఎనిమిదేండ్ల కింద హెడ్‌లైట్ల వైర్లు కాలిపోయినప్పుడు గూడ నువ్వు ఎలుకే అన్నవు గద?"

"అన్న."

"అప్పుడు ఫ్యూజు జాగల ఇనుప మొల పెట్టింది నేనే."

"తెలుసన్నా."

ముందుగా నవ్వింది మంజులతే. కురుమయ్య వైరుకు కొత్త అతుకు వేసి, టంకం పెట్టి, ఇంజిన్ నడుస్తుంటే మళ్ళీ ఊపి చూశాడు. ఈసారి ఆగలేదు. లింగస్వామి తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టి, వెనక తలుపు తెరిచి, అల్లుణ్ని లోపలికి ఎక్కమని సైగ చేశాడు.

"నడుపు బిడ్డా. ఎలుకలిద్దరం ఎనక కూసుంటం."