మా ఆయన మీటరు

మా ఆయన దయానందం పెళ్లిచూపులకు బందరులో మా ఇంటికి వచ్చినప్పుడు నాకంటే ముందు మా గోడకున్న ప్లగ్గు పాయింటును చూశారు. ఫ్యాను నీరసంగా తిరుగుతోందని అనుమానం వచ్చిందట. పకోడీల పళ్లెం పక్కన పెట్టి, సంచిలోంచి ముల్లు మీటరు తీసి, రెండు తీగలూ ప్లగ్గులో పెట్టి, "నూట అరవై వోల్టులు కూడా లేవండీ, ఫ్రిజ్ ఉంటే జాగ్రత్త" అని మా నాన్నగారికి చెప్పారు. మాకు ఫ్రిజ్ లేదు. అయినా మా నాన్నగారికి అల్లుడు అక్కడికక్కడే నచ్చేశాడు. నన్నెవరూ అడగలేదు కానీ, అడిగితే నేనూ సరే అనేదాన్నే.

ఆయనది గూడూరు దగ్గర పల్లె. పదో తరగతి కాగానే గుడివాడలో వాళ్ల మావయ్య రేడియో షాపులో చేరి పని నేర్చుకున్నారు. తర్వాత చల్లపల్లి బస్టాండు దగ్గర సొంతంగా చిన్న షాపు పెట్టారు. తొంభైల్లో మా వైపు సాయంత్రమయ్యేసరికి వోల్టేజీ పడిపోయి, టీవీలో బొమ్మ నాలుగు వైపుల నుంచీ కుంచించుకుపోయేది. ఊరంతా స్టెబిలైజర్ల కోసం ఆయన దగ్గరికే వచ్చేవారు. నేను బడిలో లెక్కలు చెప్పి ఇంటికి వస్తే అన్నం తినే బల్ల మీద రాగి తీగ చుట్టలుండేవి. చర్చిలో మైకు సెట్టు బాధ్యత కూడా ఆయనదే కాబట్టి ఆదివారం పూట బైబిలుతో పాటు మీటరూ సంచిలో ఎక్కేది. దేవుడి దగ్గర కూడా కొలతలేనా అని విసుక్కుంటే నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వుతోనే నా నోరు మూయించడం ఆయనకు బాగా అలవాటు.

రెండు వేల ఒకటి ప్రాంతంలో కోడూరు అవతల, కరెంటు స్తంభాలు చేరని మత్స్యకార పల్లెలకు ఒక స్వచ్ఛంద సంస్థ సోలారు దీపాలు ఇచ్చింది. ఇంటి కప్పు మీద ఒక పలక, కింద ఒక బ్యాటరీ, మధ్యలో కంట్రోలరు అనే చిన్న పెట్టె, రెండు బల్బులు. వాటిని బిగించి మరమ్మతు చూసే పని మా ఆయనకు అప్పగించారు. నెలకోసారి స్కూటరు మీద సముద్రం దాకా వెళ్లి వచ్చేవారు. ఆ రోడ్డులోనే ఒకసారి పడి మోకాలు విరగ్గొట్టుకున్నారు. ఎముక అతుక్కుంది కానీ మోకాలు పూర్తిగా వంగేది కాదు. అప్పటినుంచి నిచ్చెనలెక్కడం మానేశారు.

ఆ పల్లెల్లో గుల్లలదిబ్బ ఒకటి. ఏటి పాయ సముద్రంలో కలిసే మొగకు దగ్గరగా, తుపాను తర్వాత ప్రభుత్వం కట్టించిన చిన్న డాబా ఇళ్ల కాలనీ. అక్కడ చివరి ఇల్లు పున్నమ్మది. ఆమె భర్త అంకమ్మరావు, కొడుకు అంజి వేటకు వెళ్తారు. ఆమె చేపలు డాబా మీద ఎండబెట్టి అవనిగడ్డ సంతలో అమ్ముతుంది. అందరూ రెండు బల్బులూ ఇంట్లో పెట్టించుకుంటే పున్నమ్మ మాత్రం ఒకటి బయట, పాయ వైపు గోడకు పెట్టించుకుంది. మొగ దగ్గర ఇసుక మేటలు ఎప్పటికప్పుడు చోటు మారుతుంటాయి. చీకటి పడ్డాక వచ్చే పడవకు ఒడ్డున ఏదో ఒక గుర్తు ఉండాలి. అంతకుముందు ఆమె లాంతరు పట్టుకుని నిలబడేదట. గాలి తోలితే అదీ ఆరిపోయేది.

ఆ ఏడు కార్తీకంలో ఒక సాయంత్రం గాలివాన పట్టుకుంది. అంకమ్మరావుకు అప్పటికే చూపు మందగించింది. వానలో ఒడ్డెటో మేటెటో తెలియక తిరుగుతూ ఉంటే దూరంగా కదలకుండా వెలుగుతున్న తెల్లటి బల్బు కనిపించిందట. దాన్ని పట్టుకుని మొగలోకి వచ్చేశారు. ఆ సంగతి మా ఆయన ఇంటికొచ్చి నాకు రెండుసార్లు చెప్పారు. తను బిగించిన బల్బు ఇద్దరు మనుషుల్ని ఇంటికి చేర్చింది కదా మరి.

తంటా ఆ తర్వాతే మొదలైంది. మబ్బుల్లో అంత బాగా వెలిగిన బల్బు, చలికాలం వచ్చి ఆకాశం శుభ్రపడ్డాక ఏడు గంటలకే ఆరిపోసాగింది. బ్యాటరీ మరీ దిగజారితే పాడైపోకుండా కంట్రోలరు తనే దీపాన్ని ఆపేస్తుంది. అంటే బ్యాటరీ నిండటం లేదన్నమాట. ఎండ దండిగా ఉంది, బ్యాటరీ మాత్రం ఆకలితో ఉంది.

మా ఆయన వెళ్లి ఒక్కొక్కటీ చూశారు. ఉప్పు గాలికి బ్యాటరీ టెర్మినళ్లు పచ్చగా చిలుము పట్టి ఉంటే వేణ్నీళ్లూ తినే సోడా వేసి కడిగి వాసెలిను రాశారు. డిస్టిల్డ్ వాటరు నింపారు. కంట్రోలరు మార్చారు. బ్యాటరీని చల్లపల్లి తెచ్చి షాపులో చార్జింగు పెట్టి తీసుకెళ్తే, ఒకటి రెండు రోజులు బాగా వెలిగి మళ్లీ మామూలే. సరే, పై నుంచే రావడం లేదనుకుని పలక నుంచి దిగే తీగలు విప్పి కింద నుంచే మీటరు పెడితే పంతొమ్మిది వోల్టులు చక్కగా చూపించింది. పలక బాగుంది, తీగలోనే నష్టమవుతోందనుకుని అంజిని డాబా ఎక్కించి లావు తీగ వేయించారు. అదీ లాభం లేకపోయింది.

ఇక్కడొక మాట చెప్పాలి. ఏ పనీ చెప్పకుండా ఊరికే కొలిచినప్పుడు కనిపించే వోల్టేజీ మా మరిది లాంటిది. పెళ్లి పనులు మొదలయ్యేదాకా అన్నిటికీ నేనున్నానంటాడు. తీరా మొదలయ్యాక మనిషి కనపడడు. అంతమాత్రం మా ఆయనకు తెలియక కాదు. అందుకే పున్నమ్మను అడిగారు కూడా, పలక మీద మురికి గానీ కాకిరెట్ట గానీ ఉందా అని. పున్నమ్మ నొచ్చుకుంది. చేపలు ఆరబెట్టడానికి రోజూ డాబా ఎక్కుతానని, ఎక్కినప్పుడల్లా తడిగుడ్డతో తుడుస్తానని, అద్దంలో మొహం చూసుకోవచ్చని చెప్పింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఈయనా నమ్మారు, ఈయన మోకాలూ నమ్మింది.

చివరికి దారి తోచక, బయటి బల్బు తీసేసి లోపల చిన్నది ఒక్కటే ఉంచుకుంటే పొద్దుపోయేదాకా వెలుగుతుందని సలహా ఇచ్చారు.

"లోపల మాకు కిరసనాయిలు బుడ్డి చాలు బాబూ. వెలుగంటూ ఉంటే పాయ వైపే ఉండాలి. అట్టా కుదరదంటే మొత్తం ఇప్పేసి తీసుకెళ్లిపోండి" అంది పున్నమ్మ.

ఆ రాత్రి మా ఆయన అన్నం కలిపి అలాగే కూర్చున్నారు. అంకమ్మరావు మళ్లీ వేటకు వెళ్తున్నాడు. చూపు ఇంకా తగ్గింది. ఆ బల్బు ఉంటుందన్న ధైర్యంతోనే వెళ్తున్నాడు. నా బల్బును నమ్ముకుని మేట మీదికి ఎక్కితే ఎలా కృపా, అన్నారు. నేను చేప ముళ్లు తీసి ఆయన పళ్లెంలో పెట్టాను.

ఫిబ్రవరిలో రెండో శనివారం బడికి సెలవు. ఆయన గుల్లలదిబ్బకు బయలుదేరుతుంటే ఎండు రొయ్యలు తెచ్చుకుందామని నేనూ స్కూటరెక్కాను. ఆ మనిషి మొహం చూస్తే ఒంటరిగా పంపాలనిపించలేదన్నది అసలు సంగతి. అక్కడికి చేరాక ఆయన బ్యాటరీ ముందు చతికిలబడ్డారు, మోకాలు చాపుకుని. పున్నమ్మ నాకు మజ్జిగ ఇచ్చి, గాలి కావాలంటే తుపాను షెల్టరు ఎక్కండమ్మా, పైనుంచి సముద్రం కనపడుద్ది అంది. తీరంలో ఊరూరా కట్టిన, స్తంభాల మీద నిలబెట్టిన ఎత్తయిన భవనం అది. రొప్పుకుంటూ పై దాకా ఎక్కాను.

సముద్రం కనిపించింది. దానికంటే ముందు కాలనీ డాబాలన్నీ కనిపించాయి. వాటి మీద ఆరేసిన చేపలు, వలలు, దక్షిణానికి వాలి ఉన్న సోలారు పలకలు. అన్నీ ముదురు నీలం. చివరి డాబా మీది పలక ఒక్కటే పట్టుచీరలా ఉంది, కింద పసుప్పచ్చని అంచుతో. అంచు మీద వరసగా ఎర్రటి చుక్కలు. ఒక్క నిమిషం అలాగే చూశాను. ఆడదాన్ని, నాకు అర్థం కావడానికి మీటరు అక్కర్లేదు. పున్నమ్మ ఆ పలక అడుగు వరసకు గడపకు రాసినట్టు పసుపు రాసి బొట్లు పెట్టింది.

కిందికి దిగి ఆయన్ను పక్కకు పిలిచి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. పలకలో గళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయట. ఒక వరసకు ఎండ సగం తగిలితే మిగతావన్నీ ఎంత ఎండలో ఉన్నా కరెంటు ఆ సగమే దిగుతుందట. ఊరికే కొలిస్తే మాత్రం వోల్టేజీ నిండుగానే కనిపిస్తుందట. ఇదంతా ఆయన నాకు గుసగుసగా చెప్పారు, ఏదో దొంగతనం చేసినవాడిలా.

"ఇది నేను చెప్పలేను కృపా. చర్చి పెద్దని. పసుపు తుడవమంటే ఆవిడ ఇంకోలా అనుకుంటే? ఆవిడ దణ్ణాన్ని నేను కాదన్నట్టు ఉంటుంది."

నాకు కోపం వచ్చింది. పడవలో ఉండే మనుషులు ముందా, మీ మొహమాటం ముందా అన్నాను. ఆయన మీటరు సంచి భుజాన వేసుకుని, నిచ్చెన దగ్గరికి నడిచారు. మోకాలు విరిగాక నిచ్చెన ఎక్కడం అదే మొదటిసారి. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి, పైకి. కింద నేను నిచ్చెన పట్టుకుని నాకు తెలిసిన ప్రార్థనలన్నీ చేశాను. పున్నమ్మ వెనకే ఎక్కింది, ఆ తర్వాత నేను.

ఆయన తీగలు విప్పి, ఈసారి వోల్టులు కాకుండా దిగే కరెంటును కొలిచేలా మీటరుకు తగిలించి, ఆమెను పలక మీద తన అరచెయ్యి పెట్టమన్నారు. ఆమె నీలంగా ఉన్న వరస మీద చెయ్యి పెట్టింది. మీటరులో ముల్లు పడిపోయింది. చెయ్యి తీసింది. కాస్త లేచింది. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. తర్వాత ఆమె చూపు తనంతట తనే పసుపు మీదికి వెళ్లింది.

"మురికి ఉందా అని అడిగారు మీరు. పసుపు మురికి కాదుగా బాబూ" అంది మెల్లగా.

కాదన్నారు మా ఆయన. ఆమె కొంగు నీళ్లలో తడుపుకొచ్చి తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన కొద్దీ ముల్లు పైకి పోతోంది. అది చూసి ఆమె ఏడ్చింది. మావాళ్లు ఇంటికొచ్చిన మర్నాటి నుంచి శుక్రవారం శుక్రవారం పెట్టుకుంటున్నానని, తుడిచేటప్పుడు అంతమేర వదిలేస్తున్నానని చెప్పి, వాళ్లను తీసుకొచ్చిన దీపాన్ని ఇన్నాళ్లూ నా చేత్తో నేనే ఆర్పుకున్నానా అని అడిగింది. నాకూ ఆగలేదు, ఆమె భుజం పట్టుకున్నాను.

"మీరు ఆర్పలేదమ్మా. ఆ అద్దానికి ఎండ కావాలి, అంతే. దాన్ని గాలికీ వానకీ మోస్తున్నది ఈ ఇనప కాళ్లు. పసుపు వీటికి పెట్టండి, ఎంత పెట్టినా అడ్డం రాదు" అన్నారు మా ఆయన. పున్నమ్మ కళ్లు తుడుచుకుని స్టాండు కాళ్లను ఒకసారి తడిమి చూసింది.

ఆ రోజు ఎండు రొయ్యలు కొనుక్కోనివ్వలేదు, ఊరికే సంచి నింపి ఇచ్చింది. దిగేటప్పుడు ఆయన మోకాలు మొరాయిస్తే అంజి వీపు మీద మోసుకుని దించాడు. చల్లపల్లి దాకా ఆ సంగతి గుర్తుచేసి నవ్వుతూనే ఉన్నాను.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన వచ్చింది. చల్లపల్లిలో కరెంటు పోయింది. మా ఆయన షాపు మూసొచ్చి గుమ్మంలో నిలబడి దక్షిణం వైపే చూశారు. ఫోను చేసి కనుక్కుందామంటే ఆ పల్లెలో ఫోను లేదు. మర్నాడూ కబురు లేదు. ఆ మర్నాడు శుక్రవారం, నేను క్యారియరు ఇవ్వడానికి షాపుకు వెళ్లేసరికి పున్నమ్మ బస్సు దిగి వస్తోంది. ఆమె మొహం చూడగానే నా గుండె కుదుటపడింది. పడవ చీకటి పడ్డ చాలాసేపటికి వచ్చిందట. బల్బు మాత్రం వాళ్లు పడవను ఒడ్డుకు లాగి వలలు దించుకునేదాకా వెలుగుతూనే ఉందట. అంకమ్మరావు ఇంట్లోకి వచ్చి ముందు బల్బు వైపు తిరిగి చేతులు జోడించాడట.

చెప్పడం అయ్యాక పున్నమ్మ కొంగు ముడి విప్పి పసుపూ కుంకుమా పొట్లాలు తీసింది. ఆ ముల్లున్న పెట్టె ఏదీ అని అడిగింది. ఆయన మీటరు బల్ల మీద పెట్టారు. ఆమె కాసిని నీళ్లడిగి పసుపు తడిపి, వేలు ముంచి, మీటరు దాకా తెచ్చి ఆగింది.

"దీనికి ఎక్కడ పెడితే అడ్డం రాదు బాబూ?"

మా ఆయన మీటరును వెనక్కి తిప్పి, రెండు చేతులతో ఆమె ముందు పట్టుకున్నారు.

ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన ఆయన వంతు. మామూలుగా మొక్కుబడిగా ముగించే మనిషి పున్నమ్మ పేరు, అంకమ్మరావు పేరు, అంజి పేరు చెప్పి దేవుడికి వందనాలు చెల్లించారు. నా పేరు కూడా చెప్పారు, షెల్టరు ఎక్కినందుకు. అందరూ కళ్లు మూసుకుని ఉంటే నేను తెరిచి చూశాను. ఆయన చెయ్యి సంచిలో ఉంది, మీటరు వీపు మీద, ఆ బొట్టు చెరగకుండా కాస్త పక్కగా.