దక్షిణాది సింహాలు

మొన్న మొక్కల దుకాణంలో సిమెంటు సింహాల జత కనబడితే ఊరుకోలేక ఒకదాని మూతి తడిమి చూశాను. నోరే తెరవలేదు, పోత పోసిన సరుకు. మన ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది, అక్కడికక్కడే ఆ మాయదారి కరోనా ఏడాది గుర్తొచ్చి ఒళ్లు మండింది.

అప్పుడు నేను ఈ పరదేశపు ఊళ్లోనే, టాలట్‌లో, నర్సును. పక్కింటి చైనా అక్కది ఫూజియాన్ ప్రాంతం; వాళ్ల తాత చెక్కిన రాతి సింహాలు ఆమె గుమ్మానికి అటొకటి ఇటొకటి ఉండేవి. చైనాలో ఉత్తరాదివి కచేరీల ముందు అధికారుల్లా బిగుసుకుని కూర్చుంటాయట. వీళ్ల దక్షిణాదివి మాత్రం ఉంగరాల జూలుతో, మెడ తిప్పి నవ్వుతుంటాయి. మగదాని నోట్లో రాతి గుండు దొర్లుతుంది గానీ బయటికి రాదు, ఎందుకంటే పళ్ల సందుల్లోంచి ఉలి పోనిచ్చి అదే రాతిలో దాన్ని విడదీస్తారు. ఆళ్లగడ్డలో శిల్పి అయిన మా నాన్న గుడి స్తంభాల మీది యాళి సింహం నోట్లో గుండును అచ్చం అలాగే చెక్కేవారు. చైనాలో సింహాలు లేనేలేవనీ, ఆ రూపం బౌద్ధంతో పాటు మన వైపునుంచే వచ్చిందంటారనీ అక్క చెబితే, మా నాన్న మాత్రం ఏ సింహాన్ని చూశారు గనక అని ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

కరోనా రాగానే, చైనా గుర్తొచ్చి చూసేవాళ్లకు ఇబ్బందిగా ఉందట, కొన్నాళ్లు వాటిని తీసేయమని వీధి కమిటీ చీటీ వేసింది. ఎవరో గుడ్లు కూడా కొట్టారు. అక్క భయపడి రెంటికీ నల్ల చెత్తసంచులు తొడిగి, ఆదివారానికల్లా అమ్మేస్తానంది. తాత చేతిపని అమ్ముకోవడమా! "లీవ్ ఇట్, మామ్" అని మా అమ్మాయి మొత్తుకుంటున్నా వినకుండా, డ్యూటీకి వేసుకున్న యూనిఫాంతోనే వెళ్లి సంచులు చింపేసి, సొన కడిగి, రెంటి మధ్యా మెట్టు మీద బైఠాయించాను. నర్సుల కోసం గుమ్మంలో చప్పట్లు కొట్టిన ఎదురింటి పెద్దాయనే గేటు దగ్గరికొచ్చి, "ఇట్స్ ఓన్లీ ఫర్ ఎ వైల్, లవ్" అని బుజ్జగించబోయాడు. మీ చప్పట్లు మీరే ఉంచుకోండి, ఇవి మాత్రం కదలవని దులిపేశాను. కాసేపటికి అక్క తలుపు తీసి, రెండు మీటర్ల ఎడంగా తనూ వచ్చి కూర్చుంది. వాటిని అమ్మలేదు.

ఇప్పుడు మాస్కులూ లేవు, దూరాలూ లేవు. ఆ పెద్దాయన మనవరాలిని ఎత్తుకొచ్చి సింహాలను చూపించి గ్రాండ్, గ్రాండ్ అంటాడు, పాత సంగతి ఎవరూ ఎత్తరు. అక్క ఎప్పుడో క్షమించేసింది, ఆమె ఇష్టం. నాకు మాత్రం ఆయన గుడ్ మార్నింగ్ అంటే మునుపటిలా నోరారా జవాబు రావడం లేదు, రావాలనీ లేదు.