గొళ్ళెం పెట్టనివ్వని మక్సూదా

కాగజ్‌నగర్‌లో మిల్లు సైరన్ మోగితే ఊరంతా గడియారం చూసుకునేది. అజీముద్దీన్ మాత్రం చొక్కా తొడుక్కునేవాడు. బాయిలర్ దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. 1988 వచ్చేసరికి ఆ రిటైరైన సంగతే మరిచిపోయాడు. తర్వాత మనవరాలి పేరు మరిచాడు, ఆ తర్వాత సొంత ఇంటి వాకిలి. సైరన్ వినబడితే చాలు, టిఫిన్ డబ్బా అందుకుని బయల్దేరేవాడు.

జిన్ను పట్టిందన్నారు కొందరు. పిచ్చెక్కిందన్నారు ఇంకొందరు. అనడానికేం, ఖర్చా కష్టమా? అతని భార్య మక్సూదా ఎవరి మాటా చెవిన పెట్టలేదు. దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టర్ కరుణాకర్‌రావు దగ్గరికి తీసుకుపోయింది.

"ఇది పిచ్చి కాదమ్మా, మెదడుకు వచ్చిన జబ్బు. నయం చేసే మందు లేదు," అన్నాడాయన దాచకుండా. "మీరొక్కరే కాయలేరు. నలుగురు కలవాలె. నలుగురూ ఒక్కతీరుగ మాట్లాడాలె. మాకూ దీని గురించి తెలిసింది తక్కువే. మీరు చూసింది వచ్చి చెప్తుంటే నేనూ నేర్చుకుంట."

మక్సూదా ఆ మాట గట్టిగా పట్టుకుంది. పక్కింటి దేవకినీ, మిల్లు గేటు వాచ్‌మన్ బుచ్చిరాములునూ పిలిచి చాయ్ పోసి కూచోబెట్టింది. డాక్టరూ వచ్చాడు. తప్పెక్కడుందో అప్పుడు బయటపడింది. అజీముద్దీన్ గేటు దగ్గరికి వచ్చినప్పుడల్లా బుచ్చిరాములు మంచితనం కొద్దీ "నువ్వు రిటైరైనవ్ అన్నా" అని చెబుతున్నాడు. మరిచిన మనిషికి అది ప్రతిసారీ కొత్త కబురే. ఉద్యోగం ఆ క్షణమే ఊడినట్టు గేటు పట్టుకుని ఏడ్చేవాడు.

ఆ రోజు నుంచి మాట మార్చారు. వీధి మలుపు దాకా దేవకి కనిపెట్టేది. గేటు దగ్గర బుచ్చిరాములు, "నీ షిఫ్ట్ అయిపోయింది అన్నా, ఇంటికి పో" అనేవాడు. అజీముద్దీన్ తృప్తిగా వెనక్కి తిరిగేవాడు. ఇంటికొచ్చి కడుపునిండా తినేవాడు. ఈ సంగతి డాక్టర్‌కు చెబుతున్నప్పుడు మక్సూదా గొంతులో ఎంత గర్వమో!

కానీ బుచ్చిరాములు సెలవు పెట్టిన రోజున, దేవకి పొంగుతున్న పాలు దించేలోపు, కంటబడకుండా పోయిన అజీముద్దీన్, గేటు దగ్గర తిప్పిపంపేవాళ్ళు లేక, రైలు పట్టాలు దాటబోయి పడ్డాడు. నుదురు పగిలింది. మరునాడే అతని తమ్ముడు, బట్టల దుకాణం వాహెద్, వడ్రంగిని వెంటబెట్టుకుని దిగాడు. చేతిలో కొత్త గొళ్ళెం. వీధి వినాలనే ఇంటి ఉర్దూ వదిలి తెలుగులో మాట్లాడాడు.

"భాబీ, బజార్ల మన ఇజ్జత్ పోతున్నది. తలుపుకు బయటినుంచి గొళ్ళెం పెట్టిస్త. ఇగ లోపల్నే ఉంటడు."

మక్సూదా గడపలో అడ్డంగా నిలబడింది. భయం లేక కాదు. నిన్నటి రక్తం మరక ఆమె కొంగుకు ఇంకా ఉంది. కోపం అంతకంటే పెద్దదైంది.

"పడ్డడు, నిజమే. మేమే ఏమరినం. రేపటి సంది పట్టాల కాడ ఇంకొకల్లు ఉండాలె. నువ్వుంటవా? ఉండకుంటే గా గొళ్ళెం తీస్కపోయి నీ దుకాణానికి కొట్టుకో. ముప్పై ఏండ్లు నిప్పు కాడ నిలబడ్డ మనిషిని బర్రె లెక్క కట్టేయనియ్య."

వడ్రంగి సుత్తి సంచిలో పెట్టేసుకున్నాడు.

అంతలో సైరన్ మోగింది. అజీముద్దీన్ తలకు కట్టుతో, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుంటూ వచ్చాడు. వాహెద్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"జరుగు తమ్మీ, డ్యూటీకి లేటైతున్నది," అన్నాడు అజీముద్దీన్, దారినపోయే పరాయివాడితో అన్నట్టు. వాహెద్ చెయ్యి దించాడు.

మక్సూదా చెప్పులు తొడుక్కుని భర్త చెయ్యి పట్టుకుంది. దేవకి కూడా పొయ్యి ఆర్పి వచ్చి వెంట నడిచింది. కొంచెం దూరం పోయాక అజీముద్దీన్ ఆగి, భార్య మొహంలోకి పరీక్షగా చూశాడు.

"నువ్వెవరమ్మా?"

ఆ మాట ఆమె వినడం అదే మొదటిసారి. అయినా చెయ్యి వదల్లేదు. వెనక గుమ్మంలో నిలబడ్డ వాహెద్‌కు కూడా వినబడేలా చెప్పింది.

"నీ షిఫ్ట్‌ల దాన్నే. నడువు."