లేని గట్టు చుట్టూ తిరిగిన దోనె

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకు రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్లేవాణ్ణి. రెండు వేల ఎనిమిది జనవరిలో ఒక ఉదయం ఉంగుటూరు దాటుతుంటే, పెద్ద పెద్ద పక్షులు బారుగా, రెక్కలైనా ఆడించకుండా, వరిచేల మీదుగా తేలిపోతూ కనిపించాయి. "గూడబాతులండి. కొల్లేటికి పోతున్నాయి," అన్నాడు కండక్టరు. చేపల చెరువుల గట్లు కొట్టించి కొల్లేటిని మళ్లీ సరస్సు చేస్తున్నారని పేపర్లో చదువుతూనే ఉన్నాను. ఇంత దగ్గర ఉండి ఒక్కసారి కూడా వెళ్లలేదే అని ఆ రోజంతా ఆఫీసులో మనసు నిలవలేదు. ఫైలు తెరిస్తే అందులోనూ ఆ పక్షులే తేలుతున్నట్టుంది.

ఆదివారం ఐదున్నర బస్సెక్కాను. టికెట్టు పాతిక రూపాయలు. ఏడింటికి ఏలూరులో దిగి, వేడివేడి ఇడ్లీ తిని, లంక ఊళ్ల వైపు వెళ్లే ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాను. మనిషికి పదిహేను. మంచులో రోడ్డు పది అడుగులు మాత్రమే కనిపిస్తోంది, ఆ తరువాత అంతా తెలుపే. ఆటో ఆగిన చోట నేల అయిపోయింది, నీళ్లు మొదలయ్యాయి. రేవులో దోనె తుడుచుకుంటున్న పెద్దాయన పేరు ఏసురత్నంగారు. పూటకు రెండు వందలకు మాట కుదిరింది. మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే అని ఆయన భార్య మరియమ్మగారు గట్టు మీది నుంచే ఖాయం చేసేశారు.

కిక్కిస గడ్డి మధ్య నుంచి దోనె మెల్లగా కదిలింది. నీళ్లేవో, మంచేదో తెలియడం లేదు. గడకర్ర నీళ్లలో దిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్నట్టుంది నాకు. ఏసురత్నంగారు తనలో తాను చెప్పుకుంటున్నట్టు మాట్లాడారు. "ఇక్కడి చెరువులో నాకూ ఓ వాటా ఉండేదండి. గట్టు జారిపోకుండా తుమ్మచెట్లు నాటింది నేనే. గట్లు కొట్టేశాక ఓ ముక్క మిగిలిందండి, నా తుమ్మలతో సహా. ఎండలు ముదిరాక దాన్నీ తవ్వేస్తారంట. అయితే ఈ ఏడు ఆ చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెట్టాయండి. మూడు! గుడ్లు పొదిగి పిల్లలు లేస్తే చెట్ల జోలికి రామన్నారు ఫారెస్టోళ్లు."

"మీ చెరువు పోయిందని బాధ లేదా?"

"ఎందుకుండదండి? ఉంది. కానీ చెట్లు కూడా పోతే నేనిక్కడ ఉన్నట్టు గుర్తేముంటాదండి?"

ఎండ పొడిచేసరికి దూరంగా ఆ తుమ్మలు కనిపించాయి. నడుమ ఉన్నదంతా నీళ్లే. అయినా ఆయన దోనెను ఎడమకు తిప్పారు. పోయి పోయి, ఓ మూల దగ్గర మళ్లీ కుడికి. "ఏవండీ, ఎదురుగా దారి ఉండగా ఈ చుట్టుతిరుగుడేంటి?" అన్నాను.

"గట్టుందండి ఇక్కడ," అనేసి, నాలుక కరుచుకుని నవ్వారు. "ఉండేదండి. తూము ఆ మూలనుండేది. ఇరవయ్యేళ్ల అలవాటు. 'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోద'ని మా ఆవిడ రోజూ ఆట పట్టిస్తాదండి."

నేనూ నవ్వాను. నవ్వి ఊరుకుంటే బాగుండేది. నాకు తొందర పుట్టుకతోనే వచ్చింది. ఫొటో కావాలి, అదీ దగ్గర్నుంచి. "ఈ ఒక్కసారికి తిన్నగా పోనివ్వండి," అన్నాను. ఆయన తుమ్మల వైపు చూశారు, నా వైపు చూశారు. అతిథి మాట కాదనలేకపోయారు. "ఆయ్... మీరు చెప్తే సరేనండి."

దోనె ముక్కు తమకేసి తిరగగానే పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఎంత అందంగా లేచాయో! కెమెరా పైకెత్తాను. అంతలో నల్లగా రెండు కాకులు ఖాళీ గూళ్ల మీద వాలాయి. "అయ్యో, గుడ్లండీ!" అని ఏసురత్నంగారు గడకర్రతో నీళ్లను బాదారు, కేకలు వేశారు. కాకులు పోయాయి. ఒకటి మాత్రం ఉత్తముక్కుతో పోలేదు.

ఆయన దోనెను వెనక్కి నెట్టి, లేని ఆ గట్టు వెంబడి తీసుకెళ్లి, తూము మూలలో ఆపారు. అప్పుడర్థమైంది నాకు. రోజూ ఆయన అంత ఎడంగా తిరుగుతున్నందుకే పక్షులు ఆ దోనెకు అలవాటుపడ్డాయి. గంటసేపు ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఒక్కొక్కటే వచ్చి వాలాయి. రెండు గూళ్ల మీద. మూడో గూటి మీద వాలిన పక్షి కాసేపు లోపలికి చూసి, లేచి వెళ్లిపోయింది.

భోజనాల దగ్గర మరియమ్మగారు కొర్రమీను పులుసు వడ్డిస్తూ, "గూళ్లు మూడూ బాగున్నాయా?" అని అడిగారు.

"రెండు," అన్నారు ఏసురత్నంగారు, తల ఎత్తకుండా. "ఒకటి కాకి పట్టుకుపోయింది. నేనే ఇవాళ అడ్డదారిన పోయాను." ఆవిడ ఆయన్ని చూశారు, తరువాత నన్ను చూశారు. నా కంచంలో ఇంకో చేపముక్క వేశారు.

సరస్సును బాగుచేయడమంటే గట్లు కొట్టడమే అనుకునేవాణ్ణి. అది మిషను ఒక్కరోజులో చేస్తుంది. కొట్టేసిన గట్టును కూడా గౌరవించి చుట్టూ తిరిగే మనిషి ఉన్నప్పుడే పక్షి గుడ్డు పెడుతుందని ఆ రోజు తెలిసింది. మీరు వెళ్లదలుచుకుంటే డిసెంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఏలూరులో ఏడింటికల్లా ఆటో ఎక్కండి. నీళ్లసీసా పట్టుకెళ్లండి. దోనెలో కూర్చున్నాక మాత్రం దారి చెప్పకండి.